లోయర్ ఆర్మ్ మార్చేటప్పుడు బుష్ బోల్ట్‌ల ఆఖరి బిగింపు బండి నేల మీదికి దిగాకే

మాస్టారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. 2012 స్విఫ్ట్ డీజిల్, 1,30,000 కిలోమీటర్లు తిరిగింది. రోజూ ఒంగోలు నుంచి చీమకుర్తి అవతల ఉన్న బడికి వెళ్లి రావడం. చిన్న గతుకులో పడినా ఎడమవైపు ముందు చక్రం దగ్గర 'టక్'మంటోంది. బ్రేకు నొక్కితే బండి ఎడమకి లాగుతోంది. ఎడమ టైరు లోపలి అంచు ఒక్కటే అరిగిపోతోంది. ఒక మెకానిక్ రెండువైపులా లోయర్ ఆర్మ్‌లు, అంటే ముందు చక్రాన్ని కింద నుంచి బాడీకి కలిపే ఇనుప చేతులు, మార్చాలన్నాడు. ఇంకొకాయన ఆ ఆర్మ్‌లు బాడీకి తగిలే చోట ఉండే రబ్బరు బుష్‌లు కొట్టిస్తే చాలన్నాడు. ఎవరి మాట వినాలి, సెలవుల్లో ఇంటి దగ్గర మీరే మార్చుకోవచ్చా, సంక్రాంతి దాకా ఇలాగే నడపొచ్చా అని అడిగారు. నేను కర్నూలు రోడ్డులో 22 ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. మీరు తిరిగే రోడ్డు మీది బళ్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తాయి, అందుకే కాస్త వివరంగానే రాస్తాను.

ముందు సంక్రాంతి సంగతి. పోయింది బుష్ ఒక్కటే అయితే, స్పీడు తగ్గించి, గుంతలు చూసుకుంటూ కొన్నాళ్లు నెట్టుకు రావచ్చు. టైరు తినేస్తుంది, బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ గట్టిగా పట్టుకోవాలి, అంతే. పోయింది బాల్ జాయింట్ అయితే మాత్రం సంక్రాంతి మాట అటుంచండి, రేపు పొద్దున బడికి కూడా ఆ బండి తీయొద్దు. చక్రం అడుగుభాగాన్ని ఆర్మ్‌కి పట్టి ఉంచేది, గిన్నెలో గుండులా తిరిగే ఆ బాల్ జాయింటే. అది గిన్నెలోంచి ఊడి వచ్చిందంటే చక్రం అడుగు బయటికి తన్నేసి, బండి ఆ పక్కకి కూలబడుతుంది. టంగుటూరు టోల్ గేటు దగ్గర, స్పీడు తగ్గించే వేళకి అలా ఊడిన బండిని నేను వెళ్లి లారీ మీద ఎక్కించుకొచ్చాను. లోపల ఇద్దరు చిన్నపిల్లలున్నారు. అదే హైవే మధ్యలో 90 మీద ఊడి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం వేసింది. అందుకే ఆర్మ్ మార్చాలా, బుష్ మార్చాలా అన్నదానికన్నా ముందు తేల్చాల్సింది బాల్ జాయింట్‌లో ఆట, అంటే వదులు కదలిక, ఉందా లేదా అన్నది.

అది మీరే ఇంటి దగ్గర చూసుకోవచ్చు. ఎడమ ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, స్టాండు పెట్టి, చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి లోపలికీ బయటికీ ఊపండి. గడియారంలో 12, 6 ఉండే చోట్లన్నమాట. ఆట తగిలితే ఇంట్లో ఎవరినైనా బ్రేకు నొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. బ్రేకు నొక్కగానే ఆట పోయిందంటే అది వీల్ బేరింగ్. నొక్కినా అలాగే ఉందంటే బాల్ జాయింట్‌ని అనుమానించాలి. అప్పుడు ఆర్మ్‌కీ, చక్రాన్ని మోసే ఇనుప దిమ్మ అయిన నకిల్‌కీ మధ్య టామీ రాడ్డు దూర్చి మెల్లగా తన్నించి చూడండి. మీ బండిలో బరువంతా స్ప్రింగు మీదుగా షాకప్ నుంచి బాడీకి వెళ్తుంది కాబట్టి, చక్రం వేలాడుతున్నప్పుడు ఈ జాయింట్ మీద బరువు ఉండదు, ఆట ఉంటే కంటికి కనిపిస్తుంది. కొత్త జాయింట్ చేత్తో తిప్పితే బిగువుగా తిరుగుతుంది, పైకీ కిందికీ అసలు కదలదు. మీది కొంచెం కదిలినా అనుమానం పెట్టుకోకండి, మార్చేయండి. దాని మీదున్న రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు బయటికి కారి ఉంటే, ఈరోజు ఆట లేకపోయినా రేపు వస్తుంది. మీ రోడ్డు మీద లేచే గ్రానైట్ దుమ్ము లోపలికి చేరిందంటే సానరాయి పెట్టి అరగదీసినట్టే.

చక్రాన్ని పక్కలకి, అంటే 3, 9 ఉండే చోట్ల పట్టుకుని ఊపినప్పుడే ఆట వస్తే అది ఎక్కువగా టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ చివర), ఆర్మ్ కాదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే 'టక్'మన్న ప్రతి బండికీ ఆర్మ్ రాసేవాళ్లు ఉన్నారు. వీధిలో నెమ్మదిగా వెళ్తుంటే చిన్న చిన్న గతుకులకే గలగలలాడితే ముందు లింక్ రాడ్ (బండి పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీకి తగిలించిన చిన్న రాడ్డు) చూడాలి. అది చవక, పని కూడా చిన్నది. స్టీరింగ్ తిప్పుతున్నప్పుడు పైనుంచి 'టంగ్'మని స్ప్రింగు ఎగిరినట్టు వినిపిస్తే షాకప్ పైనున్న మౌంట్. బండి కదిలేటప్పుడు ఒకటి, బ్రేకు వేసి ఆపేటప్పుడు ఒకటి, 'దబ్' మని మొద్దుగా వినిపిస్తే ఆర్మ్ వెనక బుష్. మీ బండి బ్రేకు వేస్తే ఎడమకి లాగుతోందన్నారు, టైరు లోపలి అంచు అరుగుతోందన్నారు. ఈ రెండూ కలిపి చూస్తే నాకు వెనక బుష్ మీదే అనుమానం.

కారణం చెబుతాను. లోయర్ ఆర్మ్ బాడీ వైపు రెండు బుష్‌ల మీద ఉంటుంది, చక్రం వైపు ఒక బాల్ జాయింట్ మీద. వెనక బుష్ సాధారణంగా పెద్దది, మెత్తది. బ్రేకు వేసినప్పుడు చక్రం వెనక్కి తోసుకొస్తుంది, ఆ తోపుని కాచుకునేది అదే. దాని రబ్బరు చిరిగిపోతే బ్రేకు వేసిన ప్రతిసారీ ఎడమ చక్రం కాస్త వెనక్కి జరుగుతుంది, కుడి చక్రం ఉన్నచోటే ఉంటుంది, బండి ఎడమకి తిరుగుతుంది. నడుస్తున్నంతసేపూ ఆ చక్రం తన గీత మీద నిలవదు కాబట్టి టైరు ఒక అంచు మీద రాసుకుంటూ పోతుంది. అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా మళ్లీ అదే అరుగుడు. బుష్ పోయిన బండికి అలైన్‌మెంట్ చేయించడం వట్టి డబ్బు దండగ.

ఎడమవైపే ఎందుకు పోయిందని కూడా అడిగారు. మన దగ్గర బండి నడిపేది రోడ్డుకి ఎడమ పక్కన. ఎదురుగా రాళ్ల లారీ వస్తే ఎడమ చక్రాలే మార్జిన్‌లోకి దిగుతాయి, ఎక్కేటప్పుడు ఆ తారు అంచు దెబ్బ వాటికే. చీమకుర్తి రోడ్డు మీద నల్లరాతి దిమ్మెలు మోసే లారీలకి దారి ఇస్తూ రోజుకి ఎన్నిసార్లు దిగి ఎక్కుతారో మీకే తెలుసు. పైగా మీది డీజిల్, పెట్రోలు బండి కన్నా ముందు బరువు ఎక్కువ.

ఇక బుష్‌లా, ఆర్మా? బాల్ జాయింట్ బిగువుగా, తొడుగు చిరగకుండా ఉంటే బుష్‌లు కొట్టించడం తప్పేం కాదు. కానీ 'కొట్టించడం' అన్న మాట విన్నప్పుడల్లా నాకు టెన్షన్. బుష్‌ని సుత్తితో కొట్టి ఎక్కించకూడదు, ప్రెస్ మీద నొక్కి ఎక్కించాలి. వెనక బుష్‌ రబ్బరులో ఖాళీలు ఉంటే అవి ఏ వైపు ఉండాలో లెక్క ఉంటుంది. పాతది తీయకముందే ఆర్మ్ మీద గుర్తు గీసుకుని కొత్తది అదే వాలులో ఎక్కించాలి. తిరగేసి ఎక్కిస్తే మెత్తగా ఉండాల్సిన వైపు గట్టిగా, గట్టిగా ఉండాల్సిన వైపు మెత్తగా తయారవుతుంది. మీ బండిలో బాల్ జాయింట్ ఆర్మ్‌తో కలిసే వస్తుంది. 1,30,000 తిరిగిన జాయింట్‌ని ఉంచేసి బుష్‌లకి మాత్రం కూలీ కడితే, రేపు జాయింట్ పోయినప్పుడు అదే కూలీ మళ్లీ కట్టాలి. కాబట్టి మీకు నా సలహా, ఎడమ ఆర్మ్ మొత్తం మార్చండి. కుడిది పరీక్ష చేసి, బుష్‌లో చీలిక ఉంటే అదీ మార్చండి, లేకపోతే వదిలేయండి. రెండూ కలిపే మార్చాలన్న రూలేం లేదు. అయితే ఒకే వయసువి కాబట్టి కుడిది మంచిగా ఉందని తేలినా ప్రతి సర్వీసుకీ ఒకసారి చూస్తుండండి. రబ్బరు మీద పైపైన సన్నగా బీటలు కనిపిస్తే కంగారు పడొద్దు. రబ్బరు ఇనుము నుంచి విడిపోయిందా, అడ్డంగా తెగిందా అన్నదే చూడాల్సింది.

ఆర్మ్ కొనేటప్పుడు పాతదాన్ని పక్కన పెట్టుకుని చూడండి. పొడవు, రంధ్రాల దూరం, ఎడమా కుడా అన్న గుర్తు, వెల్డింగ్ నీటుగా ఉందా, జాయింట్ చేత్తో తిప్పితే బిగువుగా ఉందా, ఇవన్నీ చూడాలి. పెట్టెలోంచి తీయగానే జాయింట్ గిరగిరా తిరిగితే ఆ డూప్లికేట్‌ని అక్కడే వదిలేయండి. ఇంకా, కంపెనీ ఒకసారికే వాడమన్న నట్లు, బోల్ట్‌లు ఉంటే అవీ కొత్తవి తీసుకోండి. నైలాన్ రింగున్న నట్టుని రెండోసారి వాడితే దాని పట్టు తగ్గిపోతుంది.

మీరే చేసుకోవచ్చా అన్నారు. చేసుకోవచ్చు. రెండు స్టాండ్లు, మంచి సాకెట్ సెట్టు, పొడుగు పైపు, ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచ్ ఉండాలి. మీరు బండి ఎక్కడ లేపుతారన్నది నాకు ముఖ్యం. మన దగ్గర పోర్టికోలన్నీ పాలిష్ గ్రానైటే. అద్దంలా మెరిసే ఆ రాయి మీద, అందులోనూ కాస్త నీళ్లో ఆయిలో పడి ఉంటే, జాకీ అడుగు సబ్బు మీద పెట్టినట్టు జారుతుంది. మందపాటి ప్లైవుడ్ ముక్క వేసి దాని మీద జాకీ పెట్టండి, లేదంటే వీధిలో సిమెంటు రోడ్డు మీదే చేయండి. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకి రెండు పక్కలా అడ్డు పెట్టి, వీల్ నట్లు బండి నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, అప్పుడు లేపండి. జాకీని నమ్ముకుని బండి కిందికి తల పెట్టొద్దు. స్టాండు పెట్టాక కూడా, తీసిన చక్రాన్ని బాడీ అంచు కింద పడుకోబెట్టడం నా అలవాటు.

ముందు రోజు సాయంత్రమే బోల్ట్‌ల మీద తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచండి. పొద్దున మళ్లీ ఒకసారి కొట్టండి. ఈ పనిలో సగం బళ్లకి కష్టం ఇక్కడే. కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల మీద తిరిగే బళ్లు వస్తాయి నా దగ్గరికి. ఆ ఉప్పు గాలికి బోల్ట్ వెళ్లి బుష్ లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుపోతుంది. నట్టు తిరుగుతుంది గానీ బోల్ట్ బయటికి రాదు. మీ బండి రోజూ సముద్రానికి ఎదురు దిక్కున వెళ్తుంది కాబట్టి అంత ఉండకపోవచ్చు. బోల్ట్ మొండికేస్తే ఒకేసారి బలం పెట్టి విరగ్గొట్టకండి. పావు తిప్పు వదులు, మళ్లీ బిగింపు, మళ్లీ వదులు, అలా ఆడిస్తూ తీయాలి. లోపల బాడీకి వెల్డింగ్ చేసిన నట్టు ఉంటే, అది ఊడి తిరగడం మొదలైందంటే పని పెద్దదైపోతుంది. అలాంటి సూచన కనిపిస్తే ఆపేసి షెడ్డుకి తెచ్చేయండి. గ్యాస్ మంట పెట్టడం ఇంటి దగ్గర వద్దే వద్దు, ఆ పక్కనే రబ్బరూ బ్రేకు పైపూ ఉంటాయి.

బాల్ జాయింట్ తీయడంలో రెండు రకాలున్నాయి. మీ బండిలో జాయింట్ కాడని నకిల్ బిగించి పట్టుకునే పించ్ బోల్ట్ ఉంటుంది. ఆ బోల్ట్ కాడ మీదున్న గాడిలోంచి వెళ్తుంది కాబట్టి దాన్ని వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి తీయాలి. ఇది తెలియక ఎంతమంది గడ్డపారలు పెట్టి నకిల్ చెవులు విరిచారో. తీశాక ఆ చీలికలో ఉలి లాంటిది పెట్టి ఇసుమంత తెరిచి, ఆర్మ్‌ని కిందికి నొక్కితే కాడ దిగుతుంది. వేరే బళ్లలో కాడ చివర నట్టు, అది వదులు కాకుండా రంధ్రంలో దూర్చే స్ప్లిట్ పిన్ ఉంటాయి. అక్కడ కాడని నెట్టి ఊడదీసే పుల్లర్ వాడాలి. కాడ విడివడగానే నకిల్‌ని బయటికి లాగకండి. యాక్సిల్ లోపలి జాయింట్ గేర్‌బాక్స్ వైపు నుంచి ఊడి వస్తుంది. తాడుతో షాకప్ దగ్గరికి కట్టేసి ఉంచండి, బ్రేకు గొట్టం మీద బరువు పడకూడదు.

కొత్త ఆర్మ్ పెట్టాక బోల్ట్‌లన్నీ మొదట చేత్తోనే ఎక్కించండి. నాలుగైదు మరలు చేత్తో వెళ్లకపోతే మర తప్పిందని అర్థం, పానా పెట్టొద్దు. కాడ పూర్తిగా పైకి కూర్చుని గాడి రంధ్రానికి ఎదురొచ్చాక పించ్ బోల్ట్ వేసి, దాన్ని మాత్రం అప్పుడే మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి బిగించేయొచ్చు. స్ప్లిట్ పిన్ ఉన్న బండైతే, రంధ్రం కుదరడానికి నట్టు వెనక్కి తిప్పకూడదు, ముందుకే తిప్పాలి.

బుష్‌ల బోల్ట్‌లు మాత్రం ఇప్పుడు బిగించొద్దు. ఈ జవాబంతా రాస్తున్నది అసలు ఈ మాట కోసమే మాస్టారూ.

నేను షెడ్డు పెట్టిన కొత్తల్లో ఒకాయన బండికి రెండు ఆర్మ్‌లూ కొత్తవి వేశాను. మంచి సరుకే. బండి స్టాండ్ల మీద ఉండగానే అన్నీ గట్టిగా బిగించి ఇచ్చాను. ఏడాది తిరక్కముందే మళ్లీ అదే 'దబ్' శబ్దంతో వచ్చాడు. విప్పి చూస్తే రెండువైపులా ముందు బుష్ రబ్బరు లోపలి గొట్టం చుట్టూ మెలితిప్పినట్టు చిరిగి ఉంది. సరుకు బాగాలేదని కొట్టువాడితో గొడవ పెట్టుకున్నాను. నెల్లూరు ఆటోనగర్‌లో నాకు పని నేర్పిన పెద్దాయనకి ఆ బుష్ తీసుకెళ్లి చూపిస్తే, అటూ ఇటూ తిప్పి చూసి, "గాల్లో బిగించావు కదరా" అన్నాడు. అప్పుడు అర్థమైంది. కొట్టువాడి దగ్గరికి వెళ్లి క్షమించమని అడిగి, ఆ బండికి మళ్లీ నా డబ్బుతో ఆర్మ్‌లు వేసి ఇచ్చాను.

జరిగేది ఇది. బుష్‌లో బయటి రింగు ఆర్మ్‌కి పట్టి ఉంటుంది, లోపలి ఇనుప గొట్టాన్ని బోల్ట్ బాడీకి అదిమి పట్టేస్తుంది. ఆ రెంటి మధ్యా రబ్బరు అతుక్కుని ఉంటుంది. తలుపు కీలు లాగా అది తిరగదు. ఆర్మ్ పైకీ కిందికీ ఆడినంతా రబ్బరు మెలిపడటమే. బండి జాకీ మీద ఉన్నప్పుడు చక్రం కిందికి వేలాడుతూ, ఆర్మ్ కిందికి వాలి ఉంటుంది. ఆ వాలులో బిగించేస్తే రబ్బరు దాన్నే తన మామూలు స్థితి అనుకుంటుంది. బండి నేలమీదికి దిగగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు మెలిపడుతుంది. ఇక రాత్రి పార్కింగ్‌లో ఉన్నా మెలిపడే ఉంటుంది. దాని మీద గుంత వస్తే ఇంకా మెలి. ఎంత మంచి రబ్బరైనా తెగకుండా ఎలా ఉంటుంది? తడి బట్ట పిండి, ఆ మెలితోనే రోజూ లాగుతుంటే ఎన్నాళ్లు ఆగుతుంది?

అందుకని బుష్ బోల్ట్‌లని తగిలీ తగలనట్టు ఉంచి, చక్రం బిగించి, బండి కిందికి దింపండి. ముందు బానెట్ మీద చేతులు వేసి నాలుగుసార్లు కిందికి నొక్కి వదలండి. బండిని ఒక బారెడు ముందుకీ వెనక్కీ తోయండి. జాకీ దించగానే చక్రాలు కాస్త లోపలికి ముడుచుకుని ఉంటాయి, ఇలా తోస్తే సర్దుకుంటాయి. ఆ తర్వాత బిగించాలి. బండి కింద దిగి పని చేసే గుంత మీకు లేదు, కిందికి చెయ్యి దూరదు అంటారా? చక్రాలు నాలుగూ ఒకే ఎత్తు పలకల మీద ఎక్కించి బిగించండి. అదీ కుదరకపోతే, చక్రం లేకుండానే జాకీని నకిల్ కింద, బాల్ జాయింట్ దగ్గర పెట్టి, బండి బరువు స్టాండు మీద నుంచి అప్పుడే లేవబోతుంది అన్నంత వరకు మెల్లగా లేపి, ఆ ఎత్తులో బిగించండి. ఎన్ని న్యూటన్ మీటర్లన్నది మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్నదే పెట్టాలి, వేరే బండి అంకె పనికిరాదు.

మీరు చేసుకోకుండా ఏ షెడ్డుకి ఇచ్చినా సరే, ఈ ఒక్కటి మాత్రం దగ్గరుండి చూడండి. కుర్రాడు బండి గాల్లో ఉండగానే బుష్ బోల్ట్ మీద పైపు వేస్తుంటే, "అది కిందికి దింపాక బిగిద్దాం బాబూ" అని చెప్పండి. మంచి మెకానిక్ ఎవరూ దీనికి కోపం తెచ్చుకోరు.

గట్టి ప్లాస్టిక్ లాంటి పాలీయురిథేన్ బుష్‌లు వేయిస్తే జీవితాంతం పోవని ఎవరైనా చెబితే మీ వాడకానికి వద్దు. గతుకు దెబ్బ నేరుగా బాడీకి తగులుతుంది, కిర్రుమనే శబ్దం కూడా వస్తుంది.

పని అయ్యాక మొదటి ప్రయాణం నేరుగా అలైన్‌మెంట్ షాపుకే. మీ బండిలో ముందు ప్రధానంగా సరిచేసేది టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే, అయినా ఆర్మ్ మారాక అది తప్పకుండా మారుతుంది. లోపలి అంచు అరిగిన టైరుని ముందే ఉంచితే, బండి కాస్త ఒక పక్కకి లాగడం అలాగే ఉండి, పని సరిగా జరగలేదన్న అనుమానం వస్తుంది. దాంట్లో ఇంకా దారాలు బయటపడకపోతే వెనక్కి మార్చి చూడండి, పడి ఉంటే తీసేయండి. ఆ తర్వాత ఒకసారి చీమకుర్తి వెళ్లొచ్చాక, బండి చల్లారాక, వీల్ నట్లకీ బుష్ బోల్ట్‌లకీ మళ్లీ టార్క్ రెంచ్ పెట్టి చూడండి. బిగించిన బోల్ట్‌ల మీద పెయింటుతో ఒక గీత గీసి ఉంచితే, వదులైతే ఆ గీత తప్పి కనిపిస్తుంది. జాకీ మీద ఊపి చూసినప్పుడు బాల్ జాయింట్ ఆట తగిలిందో లేదో మాత్రం రేపు బడికి బయల్దేరకముందే చూసుకుని నాకు రాయండి.